పరాయి పిల్లల వైరాగ్యం

మా చిన్న బామ్మర్ది మే నెలలో హైదరాబాదు నుంచి వైరాగ్యం తీసుకొచ్చాడు. డిక్కీలో పట్టక కొంత కారు మీద కట్టుకొచ్చాడు.

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటి, సిరోంచ మీదుగా, ఆలాపల్లి రోడ్డు గుంతలన్నిటికీ పేరుపేరునా నమస్కారం పెట్టుకుంటూ అహేరి చేరేసరికి పొద్దుగూకింది. సామాను దింపడానికి అరగంట పట్టింది. రాగి చెంబులు నాలుగు, యోగా చాపలు నాలుగు, గానుగ నూనె డబ్బా, కొర్రలు, సామలు, ఖాదీ కుర్తాల మూట, పిల్లలిద్దరి మెడల్లో రుద్రాక్షలు. చివరికి పట్టుగుడ్డ పరిచిన అట్టపెట్టెలోంచి చంటిబిడ్డను ఎత్తినట్టు ఒక చెక్క ఎద్దుబండిని ఎత్తి అరుగు మీద పెట్టాడు.

"పిల్లలకు వస్తువుల మీద మోజు పోవాలె బావా. అందుకే ఇంట్ల ప్లాస్టిక్ బొమ్మలన్నీ తీసేసి ఇవి కొన్నం" అన్నాడు.

మా అవ్వ బండిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం కట్టె కొడుకా ఇది?"

"జర్మనీల దొరికే చెట్టు అత్తమ్మా. బీచ్ అంటరు."

ఆలాపల్లి టేకు దూలాల కింద కూర్చుని మా అవ్వ ఆ జర్మనీ కట్టెను గోటితో గీకి చూసింది. మా ఆలాపల్లి అడవిలో గొడ్డలి తాకని పాత టేకు చెట్ల ముక్క ఆరు హెక్టార్లు ఇంకా మిగిలి ఉంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. అయినా వైరాగ్యం అన్నాక విమానం దిగి రావాల్సిందే.

"ఎంత వడ్డది?"

"మూడువేల ఆరువందలు. ఎడ్లు దీంతోని రావు, వేరేగ కొనాలె. అవి పదమూడు వందలు."

అవ్వ ఇంకేమీ అడగలేదు. ఆమె చిన్నప్పుడు నిజం బండి, నిజం ఎడ్లు కలిపి ఎంతకొచ్చేవో లెక్క చూసుకుంటోందని మొహం చూస్తే తెలిసింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో నియమాలు అమలుకొచ్చాయి. పిల్లలకు ఫోను లేదు, టీవీ లేదు, పంచదార లేదు. పొద్దున్నే ఇరవై నిమిషాల ధ్యానం. ఆ ధ్యానానికి మాత్రం ఫోను కావాలి. ఎందుకంటే ఊపిరి ఎప్పుడు పీల్చాలో ఎప్పుడు వదలాలో అందులో ఒక అమెరికా గొంతు చెబుతుంది, దానికి ఏడాది చందా కట్టారు. చందా కట్టని రోజుల్లో మనం ఊపిరి ఎలా పీల్చామో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. ధ్యానం అవగానే ఫోను తండ్రి జేబులోకి వెళ్లిపోతుంది. ఇక రాత్రి పడుకునేదాకా దాన్ని చూసే బాధ్యత ఆయనే ఒంటరిగా మోస్తాడు. "నాది పని ఫోను బావా" అంటాడు. ఆ పని ఏమిటో తొంగి చూశాను. క్రికెట్.

మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దాన్ని ఎగతాళి చేస్తే నా నోరు పడిపోతుంది, అది ఆడవాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది. కానీ మూడు దశాబ్దాలు నిషేధం కింద బతికినవాడిగా నాకొక సంగతి బాగా తెలుసు. నిషేధం ఉన్న ఊళ్లో ఏది తెలియకపోయినా నది అవతలి ఒడ్డు ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. మా బామ్మర్ది పిల్లలకు ఆ ఒడ్డు దొరకడానికి రెండు రోజులు పట్టింది. మూడో ఇంటి ఆటో డ్రైవరు ఫోను. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ పిల్లలు నది దాటుతున్నారు. తండ్రేమో పిల్లలు వేపచెట్టు కింద మౌనం పాటిస్తున్నారని మురిసిపోతూ ఆ చెట్టును ఫొటో తీసి పెట్టాడు. ఎక్కడ పెట్టాడని అడక్కండి.

అది తునికాకు కోసే కాలం. పక్కింటామె తెల్లవారుజామున మూడింటికి లేచి, తొమ్మిదేళ్ల కొడుకును వెంటేసుకుని అడవికి పోతుంది. ఎండ ముదిరేలోపు మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని ఆకులు పేర్చి కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోస్తారు. మా బామ్మర్దికి ఇది చూసి కళ్లు చెమర్చాయి.

"చూశినవా బావా, ప్రకృతి తోని ఎంత కలిసిపోయి ఉన్నరో! మా పిల్లలను గూడ ఒక్క పొద్దు తోలుకపొమ్మని చెప్పు. అనుభవం వస్తది."

నేను చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి అడిగింది: "తోలుకపోతా అన్నా. మరి వాళ్లు కోసిన ఆకు ఎవరి లెక్కల రాయాలె?"

ఆ ప్రశ్నకు అనుభవం కావాలన్న పెద్దమనిషి దగ్గర జవాబు లేదు. ఆకును లెక్క రాయకుండా కోసేవాళ్లుంటారని ఆమె ఎన్నడూ వినలేదు.

నాలుగో రోజు హేమల్‌కసా ప్రయాణం. "పిల్లలకు నిరాడంబరత కండ్లార చూపియ్యాలె" అన్నాడు. ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ దారిలో అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆలాపల్లి దాటేదాకా సూర్జాగఢ్ ఇనుపరాయి లారీల దుమ్ము మింగాం. కారు సీట్లు తోలువి. అయితే జంతువుది కాదు, "వీగన్ తోలు" అని ముందే చెప్పాడు, నేను కూర్చోవడానికి జంకుతానేమోనని.

సీట్ల మాట వచ్చింది కనుక బాబా ఆమ్టే సంగతి చెప్పక తప్పదు. 1914లో హింగణ్‌ఘాట్‌లో జాగీర్దారు ఇంట పుట్టాడు. కారు నడిపే వయసు రాగానే ఇంట్లో ఒక స్పోర్ట్స్ కారు కొనిచ్చారు, దాని సీట్లకు చిరుతతోలు కప్పించారని చెబుతారు. కుర్రతనంలోనే వేట, చేతిలో సొంత తుపాకి, ఆ తర్వాత వకీలు పని. అదంతా విదిలించుకుని వరోరా దగ్గర కుష్ఠురోగుల కోసం ఆనందవన్ పెట్టాడు. భార్య సాధనాతాయి, ఇద్దరు కొడుకులు ఆ రోగుల మధ్యనే బతికారు. కొడుకులకు సరళ జీవితం గురించి ఆయన ఎన్ని ఉపన్యాసాలిచ్చాడో నాకు తెలియదు. ఇవ్వడానికి తీరిక ఉండి ఉండదు. పిల్లలు కళ్లు తెరిచేసరికే చుట్టూ అది ఉంది.

ఆ కొడుకులిద్దరూ పెద్దయ్యాక తండ్రి వాళ్లను భామ్రాగడ్ అడవికి పిక్నిక్‌కని తీసుకొచ్చాడు. పిక్నిక్ అన్న మాటను జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఆ పిక్నిక్‌లో మాడియా గోండుల బతుకు చూసి చిన్నకొడుకు ప్రకాశ్ నేనిక్కడే పనిచేస్తానన్నాడు. 1973 డిసెంబరు 23న హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలైంది. ప్రకాశ్, ఆయన భార్య మందాకిని, ఇద్దరూ డాక్టర్లే, కరెంటు లేని గుడిసెలో ఆసుపత్రి నడిపారు. కాన్పులు లాంతరు వెలుగులోనే. ఒంటి మీద గుడ్డ లేని మనుషుల మధ్య ప్యాంటూ షర్టూ వేసుకు తిరగలేక తెల్ల నిక్కరు, బనియనులోకి దిగిన ప్రకాశ్, 2008లో రామన్ మెగసెసే బహుమతి వచ్చినా అందులోంచి బయటికి రాలేదు. వేటలో తల్లి చచ్చిన అడవి జంతువుల పిల్లల్ని తెచ్చి పెంచాడు. తండ్రి చిరుతతోలు మీద కూర్చున్నాడు, కొడుకు దగ్గరికి బతికున్న చిరుతలే వచ్చి కూర్చున్నాయి. ఆ ఇంటి పిక్నిక్ యాభై ఏళ్లు దాటింది, ఇంకా ఎవరూ తిరుగు ప్రయాణం కట్టలేదు.

మా పిక్నిక్ సాయంత్రం నాలుగింటికి ముగియాల్సి ఉంది. చీకటి పడితే దారిలో సిగ్నల్ ఉండదు.

మా బామ్మర్ది జంతువుల దగ్గర ఒకటి, ఆసుపత్రి దగ్గర ఒకటి, నదుల కూడలి దగ్గర పదకొండు ఫొటోలు తీశాడు. పాముల్‌గౌతమి, పర్లకోట, ఇంద్రావతి కలిసే చోట కొడుకును కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. వాడు నిలబడ్డాడు. "ఇట్ల గాదు, ప్రశాంతంగ" అన్నాడు. వాడు ఇంకొంచెం ప్రశాంతంగా నిలబడ్డాడు. మూడోసారికి కుదిరింది.

అప్పుడే పెద్దపిల్ల నన్ను అడిగింది. దానికి పదకొండేళ్లు, ఇంకా అడగాల్సినవి అడిగే వయసే.

"మామా, డాక్టర్ తాత వాళ్ల పిల్లలు ఎక్కడ చదివిన్రు?"

"ఇక్కడే. ఈ బడిలనే, మాడియా పిల్లలతోని ఒకటే బల్ల మీద."

"హాస్టల్ ఫుడ్డేనా?"

"ఇంటి మనుషులు, అడవి మనుషులు అని వేరే తిండి ఉండే చోటు కాదు బిడ్డా ఇది. వాళ్లు గూడ పెద్దగై ఇక్కడికే వచ్చిన్రు పనికి."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మరి నన్ను గూడ ఇండ్లనే చేర్పిస్తవా?"

నదులు మూడూ ఒక్క నిమిషం ఆగినట్టనిపించింది. "సీటు దొరకాలె గదరా" అన్నాడు చివరికి. హైదరాబాదులో సీటు కోసం రాత్రంతా లైనులో పడుకుని, ఆధ్యాత్మిక విలువలు నేర్పే బడికి ఏడాదికి మూడు లక్షలు కట్టే మనిషి హేమల్‌కసాలో సీటు దొరకదని భయపడ్డాడు. ఆ బడిలో ధ్యానమందిరానికి ఏసీ ఉందట. ప్రాణాయామం చేసేటప్పుడు బయటి గాలి లోపలికి రాకూడదు కదా.

నేను నవ్వాను. నవ్వాక నాకు నా నవ్వు నచ్చలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నేను ఈ తాలూకాలో మరాఠీ బడి గురూజీగా జీతం తిన్నాను. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, దారిలో మాడియా. మూడు భాషల్లో నీతులు చెప్పాను. నా కొడుకును మాత్రం ఒకటో తరగతి నుంచి నది దాటించి కరీంనగర్‌లో చదివించాను. మా బళ్లో పనిచేసినవాళ్లలో ఎవరి పిల్లలూ మా బళ్లో చదవలేదు. ప్రతి ఆగస్టు 15న మేము పక్క ఊళ్ల పిల్లలను ఎండలో నిలబెట్టి, ఉన్నదాంతో తృప్తిపడటం గురించి బోధించేవాళ్లం. వాళ్లు తృప్తిపడేవాళ్లు. ఏం ఉందని అడగడం మేము సిలబస్‌లో పెట్టలేదు.

ఈ భాషాసేవ మా సర్కారుది కూడా. పేదపిల్లలు ఇల్లూవాకిలీ వదిలి ఉండే హాస్టలు బడికి ఆశ్రమశాల అని పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన చేతికి దండం పెట్టాలి. పగలు తరగతి గది, రాత్రి అదే పడకగది అయిన బళ్లను నేను కళ్లారా చూశాను. హాస్టలు అంటే మంచమేదని అడుగుతారు. ఆశ్రమం అన్నాక నేల మీద పడుకోవడం తపస్సు అయిపోతుంది. పప్పు నీళ్లయితే సాత్త్వికాహారం. అదే మాటను పట్నంలో బంగారు అక్షరాల్లో రాసి పక్కన ఇంటర్నేషనల్ అని తగిలిస్తే మూడు లక్షలు. లేనివాడి లేమికీ ఉన్నవాడి మోజుకూ ఒకే సంస్కృత పదం సరిపోయిందంటే మన భాషా సంపదకు ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి!

తిరుగు దారిలో బామ్మర్ది తేరుకున్నాడు. "గాంధీజీ గూడ పిల్లలను స్కూలుకు తోలలే గదా బావా" అన్నాడు, వాదన దొరికిన ఉత్సాహంతో.

తోలలేదు. ఆయన పెద్దకొడుకు హరిలాల్ ఇంగ్లండు చదువు కోసం తహతహలాడాడు. దక్షిణాఫ్రికాలో ఆ చదువుకు సాయం దొరికినప్పుడు తండ్రి కొడుకును కాదని వేరేవాళ్లను పంపాడు. 1911లో హరిలాల్ ఇల్లు వదిలాడు. ఆ తర్వాత తాగుడు, అప్పులు, తండ్రి పోయిన కొన్ని నెలలకే చావు. తండ్రి ఆదర్శం ఖరీదును కొడుకు కట్టిన లెక్క అది, దాన్ని కొట్టేయలేం. మహాత్ముడైనా సరే, నేను ఈ విషయంలో హరిలాల్ పక్షాన రెండు కన్నీళ్లు కారుస్తాను. కానీ ఆ తండ్రి తన వకీలు కోటు కూడా విప్పాడు, తన బారిష్టరు సంపాదన కూడా వదిలాడు. కొడుకు చొక్కా ఒక్కటే విప్పించి తన కోటు దాచుకోలేదు.

వార్ధా నది, వైన్‌గంగ కలిస్తేనే మా ప్రాణహిత. అందుకే ఆ ఎగువన పుట్టిన పిచ్చి ఏదైనా చివరికి మా ఒడ్డుకే కొట్టుకొస్తుంది. 1945లో ఠాకూర్‌దాస్ బంగ్ అనే కుర్రవాడు అమెరికాలో అర్థశాస్త్రం చదవడానికి బయల్దేరుతూ ఆశీస్సుల కోసం సేవాగ్రామ్ వెళ్లాడు. అర్థశాస్త్రం కావాలంటే పల్లెలకు వెళ్లమన్నాడు గాంధీ. కుర్రవాడు అమెరికా కాగితాలు చించేశాడు. ఆయన కొడుకు అభయ్ బంగ్, కోడలు రాణి బంగ్ డాక్టర్లు, అమెరికాలో చదువుకుని మరీ తిరిగొచ్చి 1986లో గడ్చిరోలిలో పని మొదలుపెట్టారు. తండ్రి చించేసిన కాగితం కొడుక్కు దొరికింది, అయినా వాళ్లు మా జిల్లాకే వచ్చారు.

ఈ కథ చెబితే బామ్మర్ది ఎంతో కదిలిపోయాడు. "మా పెద్దపిల్ల అమెరికా చదువుకు ఇప్పటి నుంచే నెలకు ఇరవైవేలు పక్కకు పెడుతున్న. ఆ ఖాతాకు విద్యాయజ్ఞం అని పేరు పెట్టుకున్న" అన్నాడు.

ఇంక ఆపుకోలేక మేండా-లేఖా గురించి కూడా చెప్పాను. అది మా జిల్లాలోనే ధానోరా తాలూకాలో గోండుల ఊరు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో ఊరి అడవి మీద సామూహిక హక్కు పట్టా దేశంలో మొట్టమొదట పొందిన పల్లెల్లో ఒకటి. అక్కడితో ఆగలేదు. 2013లో గ్రామదాన చట్టం కింద తమ సాగుభూమిని కూడా గ్రామసభ పేరిట రాసేశారు. అంటే ఆ ఊరి తండ్రి కొడుక్కు పొలం దున్నుకోమని ఇవ్వగలడు గానీ బయటివాడికి అమ్ముకోమని ఇవ్వలేడు. పిల్లలకు ఆస్తి మోజు వద్దనుకున్న తల్లిదండ్రులు చేసిన పని అది. రుద్రాక్షలు కొనలేదు, రిజిస్టరు మార్చుకున్నారు.

"అద్భుతం!" అన్నాడు బామ్మర్ది. "నేను గూడ పిల్లలకు సంస్కారం తప్ప ఏమిచ్చేది లేదు బావా. పోచంపల్లి దిక్కు రెండు ప్లాట్లున్నయి. చెరొకటి. అంతే."

ఏ పోచంపల్లి అని అడిగాను.

"అదే, భూదాన్ పోచంపల్లి. ఔటర్ రింగు రోడ్డుకు దగ్గర."

1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊళ్లో నిలబడి భూమిలేనివాళ్లకు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడు. దేశమంతా భూదానం అక్కడి నుంచే నడిచింది, గ్రామదానం దాని కడుపునే పుట్టింది. మా మేండా-లేఖా దాకా వచ్చిన బాట మొదలు పోచంపల్లే. ఆ బాట ఇప్పుడు చదరపు గజాల్లో అమ్ముడవుతోంది. భూదానం అన్న పేరు వల్ల రేటు కొంచెం ఎక్కువట, పాజిటివ్ వైబ్రేషన్లని బ్రోకరు చెప్పాడట.

ఆస్తి కాదు సంస్కారం ఇవ్వాలన్న మాట మా అహేరిలో కొత్తదేం కాదు. 2024 నవంబరు ఎన్నికల్లో మా రాజుల ఇంటి నుంచే తండ్రి ధర్మారావ్ ఆత్రామ్ గడియారం గుర్తు మీద, కూతురు భాగ్యశ్రీ బాకా గుర్తు మీద, వాళ్ల బంధువు అంబ్రీశ్‌రావ్ స్వతంత్రంగా నిలబడ్డారు. ఎన్నికలకు ముందు కూతురు అవతలి పార్టీకి పోతుందనగానే తండ్రి నిండు సభలో కూతుర్ని, అల్లుణ్ణి ప్రాణహితలో పారేయమన్నాడు. అంతకు రెండేళ్ల ముందే, 2022 ఏప్రిల్‌లో, పుష్కరాలకు వచ్చి మనమంతా పిల్లల్ని పుణ్యం కోసం ముంచింది ఆ నీళ్లలోనే. తండ్రే గెలిచాడు. నేను ఈ గొడవలో కూతురికి మార్కులు ఎక్కువ వేస్తాను. కుర్చీ మీద ప్రేమ ఒక్కటే ఆ ఇంట్లో ఎవరూ నేర్పకుండా వచ్చే విద్య, ఆమె దాన్ని శ్రద్ధగా నేర్చుకుంది. మా బామ్మర్ది పిల్లలూ అంతే శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. నాన్న చెప్పేది కాదు, జేబులో పెట్టుకునేది.

ఆరో రోజు తెల్లవారుజామున వాళ్లు బయల్దేరారు. రాగి చెంబులు, చాపలు, మిగిలిన కొర్రలు కారెక్కాయి. చిన్నోడు ఎందుకో ఎవరూ చెప్పకుండానే ప్రశాంతంగా ఉన్నాడు. జేబులు మాత్రం ఉబ్బి ఉన్నాయి. పెద్దపిల్ల నా దగ్గరికొచ్చి చెవిలో, "నాన్నకు చెప్పకు మామా, ఆటో మామకు నా తరఫున థాంక్స్ చెప్పు" అంది.

పది గంటలకు సిరోంచ నుంచి ఫోను.

"బావా, బండి మర్చిపోయినమా? ఎద్దుబండి?"

వెనక సీటులోంచి చిన్నోడి ఏడుపు, దాని మీద తండ్రి అరుపు వినపడుతున్నాయి. నిజం బయటపడింది. బండిని, ఎడ్లను పక్కింటి పిల్లగాడికి ఇచ్చేసి దానికి బదులు ఒక గులేరు, రెండు దోసిళ్ల తునికిపండ్లు తీసుకున్నాడు. బేరం ఇద్దరికీ నచ్చిందట.

"మొత్తం నాలుగువేల తొమ్మిదివందలు బావా! ఇచ్చేసిండు! వస్తువు విలువ తెల్వది వీనికి! జర వాళ్ల ఇంటికి పోయి తీసుకుని కొరియర్ చేయి. ఖర్చెంతైనా పర్వాలే."

నేను చెప్పులేసుకుని పక్కింటికి వెళ్లాను. తల్లి ఇంకా అడవి నుంచి రాలేదు. పిల్లగాడు ముందే వచ్చినట్టున్నాడు, గడప మీద కూర్చుని ఆకులు పేరుస్తున్నాడు. ముందు ఒక పాత అట్టపెట్టె, దాని కింద నాలుగు జర్మనీ చక్రాలు, పెట్టె నిండా కట్టిన తునికాకు కట్టలు. కల్లం దాకా లాక్కుపోవడానికి తాడు కూడా కట్టి పెట్టుకున్నాడు.

విషయం చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు.

"చక్రాలు సాయంత్రం ఇస్తా తాతా, కల్లంకాడికి పోయొచ్చినంక" అన్నాడు.

"మరి ఎడ్లేవిరా?"

వాడు చేతిలో ఆకు వదలకుండానే అడవి వైపు గడ్డం ఎత్తాడు.

"మేతకు పోయినయి."